వాద్య సందేహాలు: పెడల్ స్టీల్ గిటార్ తీగలు, శ్రుతి

ఈ నెల గుంటూరు, విజయవాడ ప్రాంతాల నుంచి వచ్చిన ఉత్తరాలలో పెడల్ స్టీల్ గిటార్ గురించినవే ఎక్కువగా ఉన్నందువల్ల శీర్షిక మొత్తాన్ని ఆ వాద్యానికే కేటాయిస్తున్నాను. దానిని చూడని పాఠకుల కోసం రెండు మాటలు చెప్పి ముందుకు వెళతాను. కాళ్ళ మీద నిలబెట్టిన పొడవాటి చట్రంపై పది తీగలు బిగించి ఉంటాయి. వాద్యకారుడు దాని ముందు కూర్చుని ఎడమ చేతిలోని ఉక్కు కడ్డీని తీగలపై జరుపుతూ, కుడి చేతి వేళ్ళకు తొడిగిన పిక్కులతో మీటుతూ, పాదాలతో పెడల్స్‌ను, మోకాళ్ళతో లివర్లను కదిలిస్తాడు. ఒక్కొక్క పెడల్ తనకు కేటాయించిన తీగలను చట్రం అడుగున ఉన్న కడ్డీల ద్వారా లాగి, అవి మోగుతుండగానే వాటి స్వరాన్ని మారుస్తుంది. ఈ యంత్రం ఉండడం వల్లనే దీని తీగలు మార్చడం, శ్రుతి చేయడం మామూలు గిటార్ కంటే వేరుగా ఉంటాయి.

ప్రశ్న: మాస్టారికి నమస్కారం. హ్యూస్టన్‌లో ఉంటున్న మా బావగారు ఒక పాత పెడల్ స్టీల్ గిటార్ కొని పంపించారు. పది తీగలు, మూడు పెడల్స్, నాలుగు మోకాలి లివర్లు ఉన్నాయి. మా సంఘంలో ఆరాధనకు వాయించాలని కోరిక. తీగలన్నీ తుప్పు పట్టాయి. గిటార్ అలవాటుతో అన్నిటికంటే సన్నని తీగను మొదటి స్థానంలో వేసి వరుసగా లావు తీగలు వేద్దామనుకున్నాను కాని, రెండో తీగ దగ్గరే శ్రుతి కుదరక ఆపేశాను. తీగలు ఏ వరుసలో వేయాలి? ఇవి మన దగ్గర దొరుకుతాయా? — ఒక పాఠకుడు, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: ఆపేయడం మంచిదయింది. మూడు పెడల్స్, నాలుగు లివర్లు ఉన్న పది తీగల వాద్యం దాదాపు ఎప్పుడూ ఇ నైన్త్ అనే శ్రుతికి అమర్చి ఉంటుంది. ఆ శ్రుతిలో తీగలు హెచ్చు స్థాయి నుంచి తగ్గు స్థాయికి వరుసగా దిగవు. మీకు దూరంగా ఉన్నది మొదటి తీగ, ఒడికి దగ్గరగా ఉన్నది పదవది. మొదటి దాని నుంచి వరుసగా ఎఫ్ షార్ప్, డి షార్ప్, జి షార్ప్, ఇ, బి, జి షార్ప్, ఎఫ్ షార్ప్, ఇ, డి, బి అని చదువుకోండి. వీటిలో అన్నిటికంటే హెచ్చు స్వరం మూడవ తీగది. మొదటి రెండూ దానికంటే కింద ఉంటాయి. 1962లో బడ్డీ ఎమ్మన్స్ అనే అమెరికన్ వాద్యకారుడు, అప్పటికే ఉన్న స్వరాల మధ్య ఖాళీలు పూరించడానికి ఈ రెండు తీగలను చేర్చాడు. అందువల్ల ఆ రెండూ వరుసకు వెలుపల నిలిచినట్లు కనిపిస్తాయి కాని, స్వరావళిని ఒకే చోట వాయించడానికి అవే ఆధారం.

లావుల విషయానికి వస్తే, మొదటిది 0.013 అంగుళం, రెండవది 0.015, మూడవది 0.011, నాలుగవది 0.014, అయిదవది 0.017, ఆరవది 0.020. ఇవన్నీ చుట్టులేని ఉక్కు తీగలు. ఏడవది 0.026, ఎనిమిదవది 0.030, తొమ్మిదవది 0.034 లేదా 0.036, పదవది 0.036 లేదా 0.038. ఈ నాలుగూ చుట్టు తీగలు. మీరు గిటార్ వాయిస్తారు కనుక స్థాయిలో పొరపాటు పడకుండా ఒక గుర్తు చెబుతాను. దీని నాలుగవ తీగ మీ గిటార్ ఖాళీ మొదటి తీగతో, అయిదవ తీగ మీ ఖాళీ రెండవ తీగతో సరిగ్గా ఒకే స్థాయిలో పలకాలి. మూడవ తీగ మీ గిటార్ మొదటి తీగ నాలుగవ మెట్టుతో, పదవ తీగ మీ అయిదవ తీగ రెండవ మెట్టుతో కలవాలి. ట్యూనర్ స్వరం పేరు మాత్రమే చూపుతుంది కనుక, స్థాయి తప్పి బిగిస్తూ పోతే తీగ తెగేదాకా తెలియదు.

పెడల్ స్టీల్ తీగల సెట్టు మన గిటార్ దుకాణాలలో సాధారణంగా ఉండదు. ఆన్‌లైన్‌లో తెప్పించుకోవడమే మేలు. అయితే మధ్యలో ఒక తీగ తెగినప్పుడు ఆదివారం ఆరాధన ఆగనక్కరలేదు. ఎలక్ట్రిక్ గిటార్ కోసం అమ్మే పది నంబరు సెట్టులో 0.013, 0.017, 0.026, 0.036 తీగలు ఉంటాయి. అవి ఇక్కడ ఒకటి, అయిదు, ఏడు, తొమ్మిది స్థానాలకు సరిపోతాయి. పదకొండు నంబరు సెట్టులో 0.011, 0.014, 0.038 దొరుకుతాయి. అవి మూడు, నాలుగు, పది స్థానాలకు పనికి వస్తాయి. కత్తిరించే ముందు మాత్రం తీగ పొడవు ట్యూనింగ్ కీ దాకా అందుతున్నదో లేదో చూసుకోండి. అకూస్టిక్ గిటార్‌కు వేసే కంచు చుట్టు తీగలు వద్దు. అయస్కాంతపు పికప్ కంచును సరిగా గ్రహించదు కనుక ఆ తీగల నాదం మిగిలిన వాటికంటే నీరసంగా వస్తుంది.

ఇక మార్చే పద్ధతి. అన్ని తీగలనూ ఒక్కసారిగా ఊడదీయకండి. ఈ పదీ కలిసి చట్రాన్ని నూరు కిలోలకు పైబడిన బలంతో లాగి పట్టుకుని ఉంటాయి. అంతకంటే ముఖ్యంగా, కుడి కొసన ఉండే చేంజర్‌లో తీగ ఆనుకునే లోహపు ఫింగర్లు ఒకవైపు తీగ లాగుడుకూ మరొకవైపు స్ప్రింగుల లాగుడుకూ మధ్య నిలబడి ఉంటాయి. తీగలు లేకపోతే ఆ ఫింగర్లు వదులై, పాత వాద్యాలలో అడుగున ఉన్న కడ్డీలు, స్ప్రింగులు చోటు తప్పే ప్రమాదం ఉంది. ఒక తీగ తీసి, దాని స్థానంలో కొత్తది వేసి, శ్రుతికి దగ్గరగా తెచ్చాకే రెండవ దాని జోలికి వెళ్ళండి.

పాత తీగను ముందు కీ దగ్గర పూర్తిగా వదులు చేసి, చుట్టలు విప్పి, చేంజర్ వైపు కొసన ఉన్న పూసను ఫింగర్ మీది పిన్ను నుంచి తప్పించండి. తీగ తీసిన ఆ రెండు నిమిషాలూ చాలా విలువైనవి. ఫింగర్ పై వంపును పొడి గుడ్డతో తుడిచి, తీగ ఆనే చోట గాడి పడిందేమో వేలిగోటితో తడిమి చూడండి. ఎడమవైపు ఉన్న రోలర్ నట్‌లో ఆ తీగకు చెందిన చిన్న చక్రం స్వేచ్ఛగా తిరుగుతున్నదో లేదో చూడండి. తుప్పుతో బిగిసిన చక్రం మీద ఎంత మంచి తీగ వేసినా పెడల్ వదిలాక స్వరం తన చోటికి తిరిగి రాదు. కుట్టుమిషన్‌కు వాడే పలుచని నూనె ఒక చుక్క సూది మొనతో చక్రం ఇరుసుకు, మరొక చుక్క ఫింగర్ పక్కన తగిలిస్తే చాలు. అంతకు మించితే దుమ్ము పట్టి జిగురవుతుంది.

కొత్త తీగ పూసను పిన్నుకు తగిలించి, వంపు మీదుగా, పికప్ మీదుగా, తనదైన రోలర్ గాడిలో కూర్చోబెట్టి కీ దాకా తీసుకురండి. కీ స్తంభానికి రెండు మూడు చుట్లు వచ్చేంత మాత్రమే వదులు ఉంచి, చుట్టు మీద చుట్టు ఎక్కకుండా కిందికి దిగేటట్లు బిగించండి. చుట్టు తీగలను కత్తిరించేటప్పుడు ముందు మడిచి, మడత అవతల కత్తిరించాలి. లేకపోతే పై చుట్టు లోపలి తీగ మీద జారి నాదం చచ్చుబడుతుంది. శ్రుతికి వచ్చాక తీగను మధ్యలో వేళ్ళతో మెల్లగా పైకి లాగి వదిలి, దానికి సంబంధించిన పెడల్‌ను పలుమార్లు నొక్కి, మళ్ళీ శ్రుతి చేయండి. ఇలా చేసినా స్వరం దిగకుండా నిలిచినప్పుడే ఆ తీగ పని పూర్తయినట్లు.

శ్రుతి చేసే క్రమం ఈ వాద్యానికి ప్రాణం. ముందు పెడల్ ఏదీ తాకకుండా పది ఖాళీ తీగలను ఎడమవైపు కీలతో శ్రుతి చేయాలి. ఆ తరువాతే కుడి కొసన వరుసగా కనిపించే నైలాన్ నట్ల దగ్గరికి రావాలి. మొదటి పెడల్ నొక్కి అయిదు, పది తీగలను బి నుంచి సి షార్ప్‌కు, రెండవది నొక్కి మూడు, ఆరు తీగలను జి షార్ప్ నుంచి ఎ కు, మూడవది నొక్కి నాలుగవ దానిని ఎఫ్ షార్ప్‌కు, అయిదవ దానిని మళ్ళీ సి షార్ప్‌కు తీసుకురావాలి. అయిదవ తీగను రెండు పెడల్స్ లాగుతాయి కనుక దానికి రెండు వేర్వేరు నట్లు ఉంటాయని మరచిపోవద్దు. చివరగా మోకాలి లివర్లు: నాలుగు, ఎనిమిది తీగలను ఎఫ్‌కు పెంచేది ఒకటి, అవే తీగలను డి షార్ప్‌కు దించేది మరొకటి. మిగిలిన రెండూ వాద్యాన్ని బట్టి మారుతుంటాయి. వాటిని నొక్కి ఏ తీగ ఎంత కదులుతున్నదో చూసి రాసుకోండి. నట్టును గడియారపు ముల్లు దిశలో తిప్పితే లాగుడు పెరుగుతుంది, అంటే పెంచే స్వరం ఇంకా పైకి, దించే స్వరం ఇంకా కిందికి వెళుతుంది. ఒక్కొక్క నట్టు సరిచేశాక పెడల్ వదిలి ఖాళీ స్వరం చెదరలేదని చూసుకోవాలి. నట్టు మరీ బిగిస్తే పెడల్ నొక్కకపోయినా ఫింగర్ కాస్త లాగబడే ఉండి, ఖాళీ శ్రుతి పెరుగుతుంది.

ఈ నట్లు అంగుళాల కొలతలో ఉంటాయి, చాలా వాటికి 3/16 రెంచి పడుతుంది. ఇంట్లో ఉన్న 5 మిల్లీమీటర్ల రెంచి దాదాపు సరిపోయినట్లే అనిపించి మెత్తని నైలాన్ అంచులను గుండ్రంగా అరగదీస్తుంది. దయచేసి సరైనది తెప్పించుకోండి. ఒక హెచ్చరిక కూడా చెప్పాలి. నేను రాసిన క్రమం ఇప్పుడు ఎక్కువగా కనిపించే ఆల్ పుల్ యంత్రానికి చెందినది. మీది పాత పుష్ పుల్ రకం అయితే దాని నట్ల పని వేరు కనుక, కింద భాగం ఫోటోలు తీసి తెలిసినవారికి చూపించిన తరువాతే నట్లను కదిలించండి.

ప్రశ్న: అయ్యా, నేను రెండేళ్ళుగా పెడల్ స్టీల్ అభ్యాసం చేస్తున్నాను. మూడవ తీగ మాత్రమే పదే పదే తెగిపోతున్నది. మిగిలినవి నెలల తరబడి నిలుస్తున్నాయి. 0.011 బదులు 0.013 తీగ వేస్తే ఆగుతుందని ఒక మిత్రుడు అన్నారు. నిజమేనా? — ఒక పాఠకుడు, సత్యనారాయణపురం, విజయవాడ

జవాబు: మీ మిత్రుని ఆలోచన సహజమైనదే కాని భౌతికశాస్త్రం దానికి ఒప్పుకోదు. ఒకే పొడవున్న తీగను ఒకే స్వరానికి తేవాలంటే, తీగ లావయ్యే కొద్దీ దాని బరువుతో పాటు కావలసిన లాగుడు కూడా అదే నిష్పత్తిలో పెరుగుతుంది. తీగ భరించగల బలం కూడా సరిగ్గా అంతే పెరుగుతుంది. అందువల్ల ఏ స్వరం దగ్గర తెగుతుందన్నది లావు మీద కాక, ఆ ఉక్కు గట్టితనం మీదా తీగ పొడవు మీదా ఆధారపడుతుంది. పెడల్ స్టీల్‌లో మోగే తీగ పొడవు సుమారు 24 అంగుళాలు. ఆ పొడవున 0.011 తీగను జి షార్ప్‌కు తేవడానికి పన్నెండు కిలోలకు పైగా లాగుడు కావాలి. రెండవ పెడల్ నొక్కి ఎ కు, అంటే 440 హెర్ట్జ్‌కు పెంచినప్పుడు అది దాదాపు పద్నాలుగు కిలోలవుతుంది. మంచి ఉక్కు తీగ అయినా అక్కడ తన శక్తిలో చాలా భాగం వాడుకుంటూ ఉంటుంది. పాటలో ఎక్కువసార్లు నొక్కే పెడల్స్‌లో అది ఒకటి కూడా. 0.013 వేస్తే ఆయుష్షు పెరగదు సరికదా, పెడల్ బరువెక్కి, చేంజర్ మీద భారం పెరుగుతుంది.

తీగ ఎక్కడ తెగిందో చూడండి, జవాబు అక్కడే దొరుకుతుంది. తెగిన రెండు ముక్కలనూ పారేయకుండా ఉంచి కొలవండి. చేంజర్ వంపు మీద తెగితే, పెడల్ నొక్కిన ప్రతిసారీ తీగ ఆ వంపు దగ్గర వంగి నిటారవుతూ అలసిపోయిందని అర్థం. అక్కడ చిన్న గాడి పడి ఉంటే ఆ అలసట చాలా త్వరగా వస్తుంది. పాత వాద్యాలలో నాకు తరచుగా కనిపించే కారణం ఇదే. ఫింగర్ పై వంపును అతి సన్నని నీటి కాగితంతో, తీగ నడిచే దిశలోనే, మెల్లగా నునుపు చేసి, లోహపు పాలిష్‌తో మెరుగు పెట్టి, పొడి గుడ్డతో తుడవండి. అడ్డంగా రుద్దితే ప్రతి గీతా కొత్త గాడి అవుతుంది. గాడి లోతుగా ఉంటే ఇంట్లో రుద్దవద్దు, ఫింగర్ మార్పించడమే సరైన పని.

రోలర్ దగ్గర తెగితే చక్రం తిరగడం లేదని, కీ స్తంభం దగ్గర తెగితే రంధ్రం అంచు పదునుగా ఉందని తెలుసుకోండి. వీటిలో ఏదీ కాకపోతే రెండవ పెడల్ నొక్కి ట్యూనర్ చూడండి. స్వరం ఎ దాటి పైకి పోతున్నట్లయితే, మీరు ప్రతిసారీ తీగను అవసరానికి మించి లాగుతున్నారు. తీగను మరీ పదునుగా మడిచి వేయడం, వేసిన వెంటనే ఒక్క ఊపున శ్రుతికి ఎక్కించడం కూడా మానుకోండి. ఇవన్నీ సరిచేశాక కూడా మూడవ తీగ మిగిలిన వాటికంటే ముందే పోతుంది, అది దాని స్వభావం. తెగేదాకా ఆగకుండా ముందే మార్చడం, విడిగా నాలుగైదు 0.011 తీగలు పెట్టెలో ఉంచుకోవడం వాద్యకారులందరూ చేసే పని.

ప్రశ్న: నమస్కారం మాస్టారూ. ట్యూనర్‌లో ప్రతి తీగా పచ్చ దీపం చూపేదాకా శ్రుతి చేస్తున్నాను. అయినా మూడు తీగలు కలిపి మీటితే ఏదో కరకరలాడుతున్నట్లు ఉంటుంది. చెవికి నచ్చేటట్లు మారిస్తే కీబోర్డుతో కలవడం లేదంటున్నారు. ఏది సరైనది? — ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: అమ్మా, మీ చెవి సరిగానే వింటున్నది. ట్యూనర్, కీబోర్డు రెండూ స్థాయిని పన్నెండు సమాన భాగాలుగా పంచిన కొలతను పాటిస్తాయి. ఆ కొలతలో పంచమం దాదాపు శుద్ధంగానే ఉంటుంది కాని, అంతర గాంధారం ఉండవలసిన చోటు కంటే సుమారు 14 సెంట్లు, అంటే అర్ధస్వరంలో ఏడవ వంతు, పైన ఉంటుంది. తంబుర మంద్ర షడ్జపు తీగను మీటి శ్రద్ధగా వింటే అందులోంచి తానుగా పలికే గాంధారం మీకు తెలిసే ఉంటుంది. శుద్ధమైన గాంధారం అది. కర్ణాటక సంగీతం విని పెరిగిన చెవి దానినే కోరుతుంది. పియానోలో స్వరం త్వరగా క్షీణిస్తుంది కనుక ఆ తేడా అంతగా బాధించదు. పెడల్ స్టీల్ స్వరాలు వాల్యూమ్ పెడల్ సాయంతో చాలాసేపు నిలిచి మోగుతాయి కనుక తీగల మధ్య ఆ అలజడి స్పష్టంగా వినిపిస్తుంది.

అందువల్ల చాలామంది వాద్యకారులు ఇ, బి తీగలను ట్యూనర్ ప్రకారం ఉంచి, జి షార్ప్ తీగలను అలజడి ఆగేదాకా దించుతారు. మొదటి పెడల్‌తో వచ్చే సి షార్ప్ కూడా, రెండవ పెడల్‌తో కలిపినప్పుడు ఎ కు గాంధారం అవుతుంది కనుక, దానినీ అలాగే దించుతారు. చిక్కు లివర్ దగ్గర వస్తుంది. ఎఫ్ లివర్‌ను మొదటి పెడల్‌తో కలిపితే వచ్చేది సి షార్ప్ మేజర్. అందులో ఆధారమైన సి షార్ప్ ఇప్పటికే 14 సెంట్లు కింద ఉంది, దానికి గాంధారమైన ఎఫ్ ఇంకొక 14 దిగాలి. అంటే కీబోర్డు ఎఫ్ కంటే 28 సెంట్లు తక్కువ. మీరు ఒంటరిగా వాయిస్తే ఇది ఎంతో మధురంగా ఉంటుంది. పక్కన కీబోర్డు అదే స్వరాన్ని పట్టి ఉంచితే మాత్రం తేడా అందరికీ వినబడుతుంది.

నా అభిప్రాయం అడిగితే, కీబోర్డు ఉన్న బృందంలో సగం దారిలో ఆగమంటాను. జి షార్ప్, సి షార్ప్ స్వరాలను ఏడెనిమిది సెంట్లు, ఎఫ్ లివర్‌ను పద్నాలుగు పదిహేను సెంట్లు దించి, బృందంతో కలిసి వాయిస్తూ వినండి. బడ్డీ ఎమ్మన్స్ అంతటివాడు తరువాతి కాలంలో సమాన కొలత వైపు మొగ్గాడు, మరికొందరు నిష్ణాతులు శుద్ధ స్వరాలనే పట్టుకుని ఉన్నారు. కడ్డీ ఎక్కడ ఉంచాలన్నది మీ చేతిలోనే ఉంది కనుక, మొత్తం తీగలను కాస్త పైకీ కిందికీ జరిపే అవకాశం మీకు ఎప్పుడూ ఉంటుంది. తీగల మధ్య దూరాలు మాత్రం ముందుగానే నిర్ణయించుకోవాలి.

ఇంకొక విషయం. మొదటి రెండు పెడల్స్ కలిపి నొక్కినప్పుడు చట్రం మీద లాగుడు పెరిగి, అది అతి స్వల్పంగా వంగి, పెడల్‌తో సంబంధం లేని ఇ తీగలు కూడా కొన్ని సెంట్లు దిగుతాయి. ఇది యంత్రపు లక్షణమే కాని మీ లోపం కాదు. ఖాళీగా ఒకసారి, పెడల్స్ నొక్కి ఒకసారి నాలుగవ తీగను ట్యూనర్‌లో చూసి, ఖాళీ స్థితిలో దానిని రెండు మూడు సెంట్లు పైన ఉంచుకుంటే రెండు స్థితులలోనూ సరిపోతుంది.

ప్రశ్న: తీగలు ఎన్నాళ్ళకు ఒకసారి మార్చాలి? ఫిబ్రవరిలో గుణదల తిరునాళ్ళకు ఆరుబయట వాయించినప్పుడు శ్రుతి నిలవలేదు. — ఒక పాఠకుడు, మంగళగిరి

జవాబు: రోజూ వాయించేవారు నెలా రెండు నెలలకు, వారానికి ఒకసారి వాయించేవారు నాలుగు నెలలకు మార్చుకుంటే మంచిది. కృష్ణాతీరపు ఉక్కలో చెమట చేతులతో వాయిస్తే ఇంకా ముందే మార్చవలసి రావచ్చు. కడ్డీ కింద తీగ గరుకుగా తగలడం, పన్నెండవ గీత మీద స్వరం తేలిపోవడం మొదలైతే తేదీ చూడనక్కరలేదు. వాయించాక తీగలనూ కడ్డీనీ పొడి నూలు గుడ్డతో తుడవండి. వానాకాలంలో ప్లాస్టిక్ కవరుతో కప్పవద్దు, లోపలి తేమ అక్కడే నిలిచిపోతుంది. పెట్టెలో సిలికా జెల్ పొట్లాలు వేసుకోండి.

ఆరుబయట శ్రుతి కదలడానికి కారణం వేడి తేడా. తీగ సన్నగా ఉండడం వల్ల ఎండకూ వేదిక దీపాలకూ వెంటనే వేడెక్కి సాగుతుంది, బరువైన చట్రం ఆలస్యంగా వేడెక్కుతుంది. తీగ పది డిగ్రీలు వేడెక్కి చట్రం అలాగే ఉంటే హెచ్చు స్థాయి తీగలు సుమారు పది సెంట్లు దిగుతాయి, లావు తీగలు ఇంకా ఎక్కువ దిగుతాయి. అన్నీ సమానంగా దిగవు కనుకనే అది అపశ్రుతిగా వినిపిస్తుంది. ఏసీ గది నుంచి తెచ్చిన వాద్యాన్ని అరగంటైనా వేదిక మీద, నేరుగా ఎండ తగలని చోట ఉంచి, దీపాలు వెలిగించాకే శ్రుతి చేయండి. సాయంత్రం చల్లబడ్డాక ఖాళీ తీగలను కీలతో మాత్రమే సరిచూసుకోండి. మధ్యాహ్నం సరిగా ఉన్న నైలాన్ నట్లను ఆ వేళ కదిలించవద్దు.